పాతకాలపు అందం, కొత్త వాచీ: లిమిటెడ్ ఎడిషన్‌కి ఎంత పెట్టొచ్చో లెక్క వేసుకునే పద్ధతి

పెళ్ళిళ్ళ సీజన్ వస్తే నెల్లూరులో వాచీల గురించి అడిగేవాళ్ళు ఎక్కువవుతారు, అల్లుడికి ఏం పెట్టాలి అని. ఇదివరకు "రోలెక్స్ బాగుంటుందా, ఒమేగా బాగుంటుందా" అని అడిగేవాళ్ళు. ఇప్పుడు ఫోన్లో ఒక ఫోటో చూపించి "అన్నా, ఇది 1960ల నాటి మోడల్ లాగే మళ్ళీ చేశారంట, మొత్తం 500 వాచీలేనంట, నాలుగున్నర లక్షలు చెప్తున్నారు, తీసుకోవచ్చా?" అంటున్నారు. రొయ్యల చెరువులు చేసేవాళ్ళు అడుగుతున్నారు, చీమకుర్తి గ్రానైట్ వ్యాపారంలో ఉన్నవాళ్ళు అడుగుతున్నారు, చెన్నైలోనో బెంగళూరులోనో ఉద్యోగం చేస్తూ మొదటి పెద్ద బోనస్ చేతికొచ్చిన పిల్లలైతే మరీ ఎక్కువ. ఒక్కొక్కరికీ ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పేకన్నా మొత్తం ఒకచోట రాస్తే మేలనిపించింది.

ఇలాంటి వాచీలు కొనొద్దని చెప్పడానికి రాయడం లేదు, నాకు ఇవంటే ప్రాణం. కానీ మీరు కట్టే డబ్బులో మూడు రకాల డబ్బు కలిసి ఉంటుంది. వాచీకి కట్టేది ఒకటి, దాని వెనకున్న పాత కథకి కట్టేది ఒకటి, తక్కువ చేశారు కాబట్టి కట్టేది ఒకటి. షాపులో ఈ మూడూ కలిపి ఒకే అంకె చెప్తారు. విడదీసి చూసుకోవడం మన పని. మొదటిదానికి ధైర్యంగా కట్టొచ్చు. రెండోదానికి ఆ కథ మీకు నిజంగా నచ్చితేనే కట్టాలి. మూడోదానికి ఆ కొరత నిజమైనదని తేలాకే జేబులో చెయ్యి పెట్టాలి.

అసలు ఈ పాత రూపం ఎందుకింత నచ్చుతుంది

1969 డిసెంబరు 25న సీకో కంపెనీ టోక్యోలో ఆస్ట్రాన్ అనే క్వార్ట్జ్ చేతి వాచీని అమ్మకానికి పెట్టింది. ధర 4,50,000 యెన్లు, అంటే ఆ రోజుల్లో అక్కడ ఒక కారు కొనగలిగే డబ్బు. బ్యాటరీతో నడిచే ఆ వాచీకి నెల మొత్తం మీద వచ్చే తేడా ఐదు సెకన్లు. కీ ఇచ్చే వాచీల్లో మంచివాటికి కూడా అంత తేడా ఒకటి రెండు రోజుల్లోనే వచ్చేస్తుంది. ఆ తర్వాత పది పదిహేనేళ్ళలో క్వార్ట్జ్ చౌకబడిపోయి స్విట్జర్లాండ్‌లో వందల కంపెనీలు మూతపడ్డాయి. అందుకే క్వార్ట్జ్ రాకముందు ఇరవై ఏళ్ళు, అంటే 1950లు 60లు, వాచీలు ఇష్టపడేవాళ్ళకి అంత ముద్దు. ఆ కాలంలో వాచీ పనిముట్టు. 1957లో వచ్చిన ఒమేగా స్పీడ్‌మాస్టర్, 1963 నాటి హ్యూయర్ కరేరా రెండూ రేసుల్లో టైము కొలిచేవాళ్ళ కోసం చేసినవి, 1965లో సీకో తన మొదటి డైవర్ వాచీని 150 మీటర్ల లోతుకి తట్టుకునేలా చేస్తే జపాన్ అంటార్కిటికా యాత్రల్లో దాన్నే వాడారు. ఆ డయళ్ళ మీద ప్రతి గీతకీ ఒక పని ఉంది, పని లేని గీత లేదు. అరవై ఏళ్ళ తర్వాత కూడా కంటికి ఇంపుగా ఉండటానికి కారణం అదేనని నా నమ్మకం.

ఇప్పుడు కంపెనీలు ఆ రూపాన్ని తీసుకుని లోపల కొత్త మిషన్, పైన గీతలు పడని కొత్త అద్దం, నీళ్ళు పోని కొత్త కేసు, అంటే బయటి లోహపు తొడుగు, పెట్టి అమ్ముతున్నాయి. ఇందులో మోసమేమీ లేదు. వెంకటగిరిలో నేతగాడు పాత అంచు చూసి కొత్త జరీతో చీర నేస్తే దాన్ని మనం అమ్మమ్మ చీర అనం, అలాగని తీసిపారేయం కూడా, నేత ఎలా ఉందో వేలితో తడిమి చూసి దానికి తగ్గ ధర కడతాం. ఈ వాచీలని కూడా ఆ చూపుతోనే చూడాలి.

ఏం తడిమి చూడాలంటే, ముందు సైజు. పాత వాచీలు చాలావరకు 34 నుంచి 38 మిల్లీమీటర్ల మధ్య ఉండేవి. మధ్యలో ఒక పదిహేనేళ్ళు 42, 44 అంటూ పెద్ద పళ్ళేల్లాంటి వాచీలు నడిచాయి, ఇప్పుడు మళ్ళీ తగ్గుతున్నాయి. టూడర్ 2018లో తెచ్చిన బ్లాక్ బే ఫిఫ్టీ ఎయిట్ 39 మిల్లీమీటర్లు, దానికంత పేరు రావడానికి ఆ సైజు పెద్ద కారణం. సన్నటి మణికట్టు ఉన్నవాళ్ళకి ఈ మార్పు నిజంగా వరం. తర్వాత అద్దం. పాతవాటికి ఉబ్బెత్తు ప్లాస్టిక్ అద్దం ఉండేది, దాని అంచు దగ్గర డయల్ కొంచెం వంగినట్టు కనిపించేది. ఇప్పుడు ఆ ఆకారాన్నే గీతలు పడని సఫైర్ అద్దంతో చేస్తున్నారు, అలా కోయడం ఖర్చుతో కూడిన పని, బల్లపరుపు సఫైర్ కన్నా చాలా ఎక్కువ. ఇక చీకట్లో వెలిగే రేడియం పూత. 1960ల దాకా నిజంగానే రేడియం వాడారు, తర్వాత ట్రిటియం వచ్చింది, రెండూ ఏళ్ళు గడిచేకొద్దీ మీగడ రంగుకో గోధుమ రంగుకో తిరిగాయి. ఇప్పుడు వాడే సూపర్ లూమినోవాకి మొదటి రోజే ఆ రంగు కలిపి వేస్తారు. దీన్ని అసహ్యించుకునేవాళ్ళూ ఉన్నారు. నా మట్టుకు నాకు లేత మీగడ రంగు నల్ల డయల్ మీద చాలా బాగుంటుంది, ముదురు తేనె రంగు వేస్తే మాత్రం వయసు అతికించినట్టుంటుంది, అలాంటిదానికి నేను ఎక్కువ పెట్టను.

కథ గురించి ఒక్క మాట చెప్పాలి. మన ఇళ్ళల్లో పాత వాచీ అంటే గుర్తొచ్చేది స్పీడ్‌మాస్టర్ కాదు, హెచ్‌ఎంటీ. 1961లో సిటిజన్ సహకారంతో బెంగళూరులో మొదలైన ఆ ఫ్యాక్టరీ నుంచి వచ్చిన జనతా, పైలట్ మోడళ్ళు టీచర్లు, గుమస్తాలు, పొగాకు రైతులు, ఎవరి చేతికి చూసినా ఉండేవి. కొంచెం కలిగినవాళ్ళ చేతికి ఫేవర్ లూబా. హెచ్‌ఎంటీ వాచీల కంపెనీని మూసేయాలని 2016లో కేంద్రం నిర్ణయించింది, 1737 నాటి చరిత్ర చెప్పుకునే ఫేవర్ లూబా మాత్రం 2024లో కొత్త మోడళ్ళతో మళ్ళీ వచ్చింది. నా ఉద్దేశం ఏంటంటే, కథకి డబ్బు పెడుతున్నప్పుడు అది ఎవరి కథో చూసుకోండి. మీ తాత ఫేవర్ లూబా పెట్టుకుని ఉంటే ఆ పేరుతో వచ్చే వాచీ మీకిచ్చే తృప్తి, ఎప్పుడూ వినని రేసు డ్రైవరు పేరుతో వచ్చే వాచీ ఇవ్వదు. చంద్రుడి మీదకి వెళ్ళిన వాచీ అని చిన్నప్పటి నుంచి స్పీడ్‌మాస్టర్ మీద మనసు పడినవాళ్ళైతే అది కూడా మీ కథే, సందేహం లేదు. కంపెనీ బ్రోచర్ చదివాక పుట్టిన ఇష్టానికి మాత్రం రెండు నెలలు టైమివ్వండి.

ధర విడదీసే పద్ధతి

ఇది జాగ్రత్తగా చదవండి, మిగతాది మర్చిపోయినా ఫర్వాలేదు.

మీకు నచ్చిన లిమిటెడ్ ఎడిషన్ లోపల ఏ మిషన్ ఉందో దాని నంబరు కనుక్కోండి, కంపెనీ వెబ్‌సైట్లోనే ఉంటుంది. అదే కంపెనీలో అదే మిషన్‌తో ఎప్పుడూ దొరికే మామూలు మోడల్ ఏదుందో వెతకండి. కేసు స్టీలా టైటానియమా, చేతికి చైన్ ఉందా బెల్టు ఉందా, నీళ్ళకి ఎంత తట్టుకుంటుంది, ఇవి కూడా దాదాపు సమానంగా ఉన్న మోడల్ చూసుకోండి. ఆ మామూలు మోడల్ ధరే మొదటి భాగం, అంటే వాచీ ధర. రెంటికీ మధ్య తేడా కథకీ కొరతకీ కలిపి కట్టేది. మామూలుది మూడు లక్షలు, లిమిటెడ్ మూడు లక్షల అరవై వేలు అయితే తేడా అరవై వేలు, అంటే ఐదో వంతు. పావు వంతు లోపల ఉంటే నేను పెద్దగా ఆలోచించను, నచ్చితే తీసుకోమంటాను. పావు దాటి సగం దాకా ఉంటే ఆ తేడాలో నిజమైన పనితనం ఏముందో చూపించమంటాను. సగం దాటితే కొరత గురించి గట్టిగా విచారించాల్సిందే.

ఒమేగా 2017లో 1957 నాటి మూడు వాచీలని, స్పీడ్‌మాస్టర్, సీమాస్టర్ 300, రైల్‌మాస్టర్, మళ్ళీ చేసింది. ఒక్కోటి 3,557 వాచీలు, అందులో 557 మూడింటినీ కలిపిన పెట్టెలుగా అమ్మింది. పాత వాచీలని డిజిటల్‌గా స్కాన్ చేసి కొలతలు దించారు, కేసులు మళ్ళీ పాత సైజులకి చేశారు, స్పీడ్‌మాస్టర్ 38.6 మిల్లీమీటర్లు. ఆ స్పీడ్‌మాస్టర్‌లో ఉన్న మిషన్ నంబరు 1861, అంటే అప్పట్లో మూన్‌వాచ్ అని పిలిచే మామూలు స్పీడ్‌మాస్టర్‌లో ఉన్నదే. కాబట్టి అక్కడ ఎక్కువ కట్టింది మిషన్‌కి కాదు, కేసుకీ డయల్‌కీ. ఆ రెండూ వేరే ఏ స్పీడ్‌మాస్టర్‌లోనూ అలా దొరకవు కాబట్టి అది నాకు న్యాయంగా తోచింది.

సీకో అదే 2017లో చేసింది ఇంకా బాగా అర్థమవుతుంది. 1965 డైవర్ వాచీని దాదాపు ఉన్నదున్నట్టు ఎస్ఎల్ఏ017 పేరుతో 2,000 వాచీలు చేసింది, పక్కనే అదే వాచీ స్ఫూర్తితో కొంచెం ఆధునికంగా ఎస్పీబీ051 అనే మామూలు మోడల్ కూడా తెచ్చింది. మొదటిదాని ధర రెండోదానికి మూడు రెట్ల పైన. చూడగానే గుండె గుభేలుమంటుంది కదా? కానీ మిషన్లు వేరు. ఎస్ఎల్ఏ017లో 8ఎల్35, అది గ్రాండ్ సీకో మిషన్ నుంచి అలంకరణ తీసేసి చేసింది, రెండోదాంట్లో 6ఆర్15, మధ్యస్థాయిది. కేసు పాలిష్ వేరు, అద్దం వేరు. అంటే ఇక్కడ తేడా మొత్తం కొరతకి కట్టింది కాదు, చాలా భాగం వాచీకే కట్టింది. కాబట్టి మిషన్ నంబరు చూడకుండా రెండు ధరలు పక్కన పెట్టుకుని "దోచుకుంటున్నారు" అనడం తప్పు, "లిమిటెడ్ కదా ఎంతైనా ఉంటుంది" అనడం అంతకన్నా తప్పు.

మరి నిజమైన పనితనం అంటే ఏది? ఎనామెల్ డయల్ ఒకటి. గాజు పొడిని లోహం మీద పరిచి ఎనిమిది వందల డిగ్రీల దగ్గర కాలుస్తారు, పొర మీద పొర, మధ్యలో పగిలినవీ బుడగలొచ్చినవీ పక్కన పడేస్తారు, మిగిలిన మంచివాటి ధరలోనే పాడైనవాటి ఖర్చు కూడా ఉంటుంది. ఆ తెలుపు పెయింటుతో రాదు, వందేళ్ళైనా రంగు మారదు. కొత్త ఆకారంలో కేసు చేయాలంటే దానికి కొత్త అచ్చులు కావాలి, 500 వాచీల మీదే ఆ ఖర్చు రాబట్టుకోవాలి కాబట్టి అక్కడ ధర పెరగడం సహజం. ఉబ్బెత్తు సఫైర్ గురించి పైన చెప్పాను. చేత్తో పాలిష్ చేసిన మిషన్, అద్దం లాంటి మెరుపు పక్కనే బ్రష్ గీతలు, వాటి మధ్య గీత కత్తి అంచులా ఉండటం, ఇవీ ఖర్చే. ఇక ఖర్చు కానివి: డయల్ రంగు మార్చడం, వెనక మూత మీద బొమ్మ చెక్కడం, చెక్క పెట్టె, అదనంగా ఒక బెల్టు, ఒక పుస్తకం, సెకన్ల ముల్లుకి ఎర్ర రంగు. నూటికి డెబ్భై ఎనభై లిమిటెడ్ ఎడిషన్లలో మార్పు ఇంతవరకేనని నాకనిపిస్తుంది. అందులో తప్పు లేదు, రంగు బాగుంటే బాగున్నట్టే, దానికి యాభై శాతం ఎక్కువ అడిగితేనే బాధ.

మిషన్ విషయంలో ఇంకొక్కటి. చాలా స్విస్ కంపెనీలు సెలిటా ఎస్‌డబ్ల్యూ200, లేదా ఈటీఏ 2824 మిషన్లు వాడతాయి. గట్టివి, ఎక్కడైనా రిపేరు చేస్తారు, లక్ష చిల్లర వాచీలో ఉంటే హాయిగా తీసుకోండి. అదే మిషన్ నాలుగు లక్షల లిమిటెడ్ వాచీలో ఉంటే దానికి తగ్గ డయలో కేసో ఉందా అని అడగండి. కాస్క్ అనే స్విస్ పరీక్షా సంస్థ సర్టిఫికెట్ ఉంటే మిషన్‌ని రోజుకి మైనస్ 4 నుంచి ప్లస్ 6 సెకన్ల లోపల నడుస్తుందని పరీక్షించారని అర్థం, ఒమేగా వాళ్ళ మాస్టర్ క్రోనోమీటర్ అయితే సున్నా నుంచి ప్లస్ 5. "స్విస్ మేడ్" అనే ముద్రకి 2017 నుంచి ఉన్న నియమం తయారీ ఖర్చులో కనీసం 60 శాతం స్విట్జర్లాండ్‌లో జరగాలని, నూటికి నూరు అని కాదు.

కొరత నిజమా కాదా

"లిమిటెడ్ ఎడిషన్" అంటే అంకె చెప్పాలి. 300, 1000, 3557, ఏదో ఒకటి, వాచీ వెనక మూత మీద మీ వాచీ నంబరు కూడా ఉంటే ఇంకా మంచిది. "స్పెషల్ ఎడిషన్" అంటే అంకె లేదు, ఎన్నైనా చేయొచ్చు. "లిమిటెడ్ ప్రొడక్షన్", "ఈ సంవత్సరానికి మాత్రమే" అనేవి మధ్యరకం. షాపులో మూడింటినీ ఒకే గొంతుతో చెప్తారు, మీరే రాసింది చదవాలి. ఇంకో సంగతి, ఒకే వాచీని నీలం 500, పచ్చ 500, గోధుమ రంగు 500 అని వరసగా తెచ్చే కంపెనీలుంటాయి. ఆ కంపెనీ గత ఐదేళ్ళలో ఎన్ని లిమిటెడ్లు తెచ్చిందో వెతికి చూడండి, నెలకొకటి తెచ్చేవాడి దగ్గర 500 అనే అంకెకి విలువ తక్కువ.

అంకె ఒక్కటే కూడా సరిపోదు, అడిగేవాళ్ళు ఉండాలి. పాటెక్ ఫిలిప్ 2021లో టిఫనీ అనే అమెరికా నగల కంపెనీ కోసం నీలం డయల్‌తో 170 నాటిలస్ వాచీలు చేస్తే అందులో ఒకటి న్యూయార్క్ వేలంలో 65 లక్షల డాలర్లు పలికింది. అది 170 అనే అంకె మహిమ కాదు, నాటిలస్ కోసం అప్పటికే ఏళ్ళ తరబడి వరసలో ఉన్న జనం మహిమ. మరోవైపు 100 మాత్రమే చేసిన వాచీలు రెండేళ్ళ తర్వాత కూడా షాపు అద్దాల వెనకే ఉండటం మీరే చూడొచ్చు. రోలెక్స్ నంబర్లు వేసిన లిమిటెడ్ ఎడిషన్ల జోలికి సాధారణంగా పోదు, అయినా వాళ్ళ వాచీలకే ఎక్కువ ఎదురుచూపు. స్నూపీ అనే కార్టూన్ కుక్క బొమ్మతో ఒమేగా 2015లో చేసిన స్పీడ్‌మాస్టర్ 1,970 వాచీలు, 2020లో వచ్చిన స్నూపీకి అంకె పెట్టలేదు, దానికీ జనం వరస కట్టారు.

తొందరపడితే ఏమవుతుందో 2022 మార్చిలో ఒమేగా, స్వాచ్ కలిసి తెచ్చిన మూన్‌స్వాచ్ చూపించింది. 260 డాలర్ల వాచీ కోసం ఊళ్ళకి ఊళ్ళు తోసుకున్నాయి, కొన్నిచోట్ల పోలీసులు రావాల్సి వచ్చింది, అదే వారం దాన్ని కొన్ని రెట్లు ఎక్కువకి తిరిగి కొన్నవాళ్ళున్నారు. అది లిమిటెడ్ కాదని, ఇంకా వస్తాయని కంపెనీ చెప్పాక ఆ రేట్లు దిగిపోయాయి. ఆ వారం ఆగినవాళ్ళకి అదే వాచీ మామూలు ధరకే దొరికింది.

రేపు అమ్ముకుంటే లాభం వస్తుందా అని కూడా అడుగుతారు. సూటిగా చెప్తాను, లాభం కోసమైతే వద్దు. 2021, 22 మొదట్లో సెకండ్ హ్యాండ్ ధరలు ఆకాశానికి పోయాయి, తర్వాత చాలా మోడళ్ళు గట్టిగా పడ్డాయి. పైగా మన ఊళ్ళో కూర్చుని అమ్మాలంటే కొనేవాళ్ళు ముంబైలోనో ఢిల్లీలోనో ఉంటారు, మధ్యవర్తి కమిషన్ పోతుంది, డబ్బు చేతికొచ్చేదాకా టెన్షన్. చెరువులో పెట్టుబడి పెట్టేవాడికి రొయ్య ధర తెలిసినట్టుగా వాచీ మార్కెట్ తెలియదు. పెట్టుకుని మురిసిపోవడానికి కొనండి.

మన దేశంలో ధర, పన్నులు, నగదు

స్విస్ వాచీ మీద కస్టమ్స్ సుంకం, దాని పైన 18 శాతం జీఎస్టీ ఉంటాయి, అందుకే దుబాయ్ ధరకీ చెన్నై ధరకీ తేడా. స్విట్జర్లాండ్ ఉన్న ఈఎఫ్‌టీఏ దేశాలతో మనం చేసుకున్న వాణిజ్య ఒప్పందం 2025 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది, దాని ప్రకారం స్విస్ వాచీల సుంకం ఏడేళ్ళలో మెట్లు మెట్లుగా తగ్గి పోతుంది. అలాగని ఏడేళ్ళు ఆగమని చెప్పను, లిమిటెడ్ వాచీ అప్పటిదాకా ఉండదు, కంపెనీలు ఏటా ధరలు పెంచుతూనే ఉంటాయి. ధర పది లక్షలు దాటితే 2025 ఏప్రిల్ 22 నుంచి ఒక శాతం టీసీఎస్, అంటే అమ్మేవాళ్ళు ముందుగా పట్టుకునే ఆదాయపు పన్ను, వసూలు చేస్తారు, అది పోయిన డబ్బు కాదు, రిటర్న్ వేసేటప్పుడు సర్దుకోవచ్చు.

నగదు సంగతి మన జిల్లాల్లో ప్రత్యేకంగా చెప్పాలి. రొయ్యల పట్టుబడి అయిపోయాకో పొగాకు అమ్మాకో చేతిలో నగదు ఉంటుంది, పట్టుకెళ్ళి వాచీ కొందామనుకుంటారు. రెండు లక్షలు, ఆ పైన నగదు తీసుకోవడం చట్టప్రకారం కుదరదు, మంచి షాపు తీసుకోదు, పాన్ అడుగుతుంది. బ్యాంకు ద్వారా కట్టి బిల్లు తీసుకోండి. "బిల్లు లేకుండా అయితే తగ్గిస్తా" అనే చోట వెంటనే లేచి వచ్చేయండి, లిమిటెడ్ వాచీకి బిల్లు అంటే సగం ప్రాణం.

అమెరికా నుంచో కువైట్ నుంచో చుట్టాలు తెస్తామంటే తెప్పించుకోండి, కానీ విమానాశ్రయంలో కస్టమ్స్ దగ్గర చెప్పి, సుంకం కట్టి, రసీదు తీసుకోమనండి. చేతికి పెట్టుకుని వచ్చేస్తే ఎవరూ అడగరని సలహా ఇచ్చేవాళ్ళు చాలామంది ఉంటారు, పట్టుబడితే వాచీ పోతుంది, పైన జరిమానా, మన కోసం తెచ్చిన మనిషికి అవమానం. సుంకం కలిపి లెక్కేస్తే చాలాసార్లు చెన్నైలో కొన్నదానికీ దీనికీ పెద్ద తేడా ఉండదు.

షాపులో చూసేటప్పుడు

ఈ స్థాయి లిమిటెడ్ వాచీలు నెల్లూరు, ఒంగోలు ట్రంకు రోడ్డు షాపుల్లో చేతికి పెట్టుకుని చూసే అవకాశం తక్కువ. నెల్లూరులో పొద్దున రైలెక్కితే మూడు గంటల్లో చెన్నై, లేదంటే హైదరాబాద్. ఫోటో చూసి అడ్వాన్స్ కట్టొద్దు. అదే వాచీ లేకపోయినా అదే కేసు ఉన్న మామూలు మోడల్ పెట్టుకుని చూడండి, సైజు తెలుస్తుంది. మిల్లీమీటర్ల వెడల్పు కన్నా, పైన బెల్టు తగిలించే కొస నుంచి కింద తగిలించే కొస దాకా ఉన్న పొడవు ముఖ్యం, అది మణికట్టు దాటి బయటికి పొడుచుకొస్తే 38 మిల్లీమీటర్ల వాచీ కూడా పెద్దగానే కనిపిస్తుంది. మందం చూడండి, పాత రూపం తెచ్చి లోపల మందమైన మిషన్ పెడితే వాచీ చేతి మీద గిన్నె బోర్లించినట్టుంటుంది, షర్టు కఫ్ కింద దూరదు. షాపు లైట్లు మాయ చేస్తాయి, తలుపు దగ్గరికి తీసుకెళ్ళి పగటి వెలుతుర్లో డయల్ చూడనివ్వమని అడగండి, ఎవరూ కాదనరు. కీ తిప్పి చూడండి, గరగరమనకూడదు.

పాతకాలపు రూపంతో వచ్చే ఈ వాచీలకి చాలావరకు తోలు బెల్టే ఇస్తారు, ఫోటోలో బ్రహ్మాండంగా ఉంటుంది. మన మే నెల ఉక్కలో అది రెండు వారాల్లో చెమట పట్టి వాసన కొడుతుంది. చైను కూడా ఇస్తారా అడగండి, విడిగా కొంటే దాని ధర చూసి కళ్ళు తిరుగుతాయి, కొన్ని లిమిటెడ్లకి తర్వాత దొరకదు కూడా. నీళ్ళకి 30 మీటర్లు అని రాసి ఉంటే చేతులు కడుక్కోవడానికే పనికొస్తుంది, చెరువు గట్ల మీద తిరిగేవాళ్ళు, మైపాడు బీచ్‌లో దిగేవాళ్ళు 100 మీటర్లకి తక్కువ చూడొద్దు.

సెకండ్ హ్యాండ్‌లో అయితే వాచీ వెనక నంబరు, వారంటీ కార్డు మీద నంబరు, బిల్లు మీద నంబరు మూడూ కలవాలి. లిమిటెడ్ వాచీకి పెట్టె, కార్డు, దాంతోపాటు ఇచ్చిన అదనపు బెల్టు, పుస్తకం అన్నీ ఉంటేనే పూర్తి ధర, ఏది లేకపోయినా తగ్గించి అడగండి. "ఫస్ట్ కాపీ" వాచీలు ఇప్పుడు కంటికి దొరకనంత బాగా చేస్తున్నారు, కాబట్టి కంపెనీ సర్వీస్ సెంటర్లో తెరిచి చూపించాకే డబ్బు అని షరతు పెట్టండి, నిజమైనది అమ్మేవాడు ఒప్పుకుంటాడు. అసలు పాత వాచీలే కావాలని హెచ్‌ఎంటీల వైపు వెళ్ళేవాళ్ళకి కూడా ఒక హెచ్చరిక, ఆన్‌లైన్లో మెరిసిపోయే రంగురంగుల డయళ్ళతో ఉన్నవి చాలావరకు తర్వాత పెయింటు వేసినవే. ఫ్యాక్టరీ ఆ రంగు ఎప్పుడూ చేయలేదు. మచ్చలున్నా అసలు డయల్ ఉన్నదే తీసుకోండి.

కొన్నాక

అద్దం వెనక పెట్టి దాచొద్దు, పెట్టుకోండి. ఉప్పు చెమట పట్టిన రోజు మెత్తటి తడి గుడ్డతో తుడిచి ఆరబెట్టండి, నీళ్ళకి తట్టుకునే వాచీ అయితే కీ బిగించి ఉందో లేదో చూసుకుని మంచినీళ్ళ కింద పెట్టొచ్చు. స్పీకర్లు, అయస్కాంతం ఉన్న ఫోన్ కవర్లకి దూరంగా ఉంచండి, వాచీ ఉన్నట్టుండి రోజుకి నిమిషాలు ముందుకి పోతుంటే చాలాసార్లు అదే కారణం, లోపల చేరిన ఆ అయస్కాంత ప్రభావాన్ని షాపులో ఐదు నిమిషాల్లో పోగొడతారు. బీరువాలో పెట్టేటప్పుడు సిలికా పొట్లం వేయండి, మన తీరం గాలిలో తేమ ఎక్కువ.

ఐదారేళ్ళకోసారి సర్వీస్ చేయించాలి, క్రోనోగ్రాఫ్, అంటే స్టాప్‌వాచీ కూడా ఉన్నది, అయితే ఖర్చు ఇంకా ఎక్కువ, కొనేముందే ఆ ఖర్చు ఎంతో అడిగి రాసిపెట్టుకోండి. సర్వీస్‌కి ఇచ్చేటప్పుడు జాబ్ కార్డు మీద మూడు మాటలు రాయించండి: డయల్, ముళ్ళు మార్చకూడదు, కేసు పాలిష్ చేయకూడదు, మార్చిన ప్రతి పాత భాగం తిరిగి ఇవ్వాలి. సర్వీస్ సెంటర్లో కొత్తగా మెరిపించి ఇవ్వడం మర్యాద అనుకుంటారు, లిమిటెడ్ వాచీకి ఆ పాలిష్ వల్ల అంచులు అరిగిపోయి, మీరు ఎక్కువ డబ్బు కట్టిన ఆ కేసు ఆకారమే పోతుంది. డయల్ మారిస్తే దాని మీదున్న ఆ పాత రూపం మళ్ళీ ఎక్కడా దొరకదు.

పెళ్ళికి పెట్టేవాళ్ళు ఇంకొక్కటి చూసుకోండి. బిల్లు డబ్బు కట్టినవాళ్ళ పేరు మీద ఉండాలి, వారంటీ కార్డు మీద మాత్రం అల్లుడి పేరు రాయించండి. చైను నుంచి తీసిన కడీలు పొట్లం కట్టి పెట్టెలోనే వేసి ఇవ్వండి, పెళ్ళయిన ఏడాదికి మణికట్టు సైజు మారడం మామూలే.